తలలో పొక్కులు, అమ్మ మొక్కు

పోయిన వారం మనవరాలు తలలో పొక్కులు లేచినాయని చర్మం డాక్టరు దగ్గరికి పోయి, అరగంటలో ఒక మందు సీసాతో తిరిగి వచ్చింది. ఇంత సులువా అనుకున్నాను. పదకొండేళ్ల వయసులో నాకు లేచిన అవే పొక్కులు రాజపాళయంలో మా ఇంటినంతా అల్లకల్లోలం చేసినాయి మరి.

మన తరం వాళ్లకు కొత్తగా చెప్పాలా, ఆ కాలంలో ఆడపిల్ల తల అంటే నూనె. శుక్రవారం తలంటు, తక్కిన రోజుల్లో నువ్వులనూనె కారేటట్టు పూసి, బిగించి జడ వేసి, పైన పూలు. దువ్వెన తగిలితే చాలు, పొక్కులు చిట్లి కండ్లలో నీళ్లు తిరిగేవి. ఒంట్లో సూడు ఎక్కువైంది, వేడి దిగాలంటే ఇంకా నూనె పెట్టమని అవ్వ. ఆ నూనే చెరుపు చేస్తున్నదని ఆస్పత్రి నర్సమ్మ. సత్రపట్టి ఊరి నుంచి అత్త వచ్చి వేపాకు నూరి పట్టించి, ఇది దిష్టి అని కూడా తేల్చి పోయింది. తల ఒకటే, వైద్యులేమో ఇంటినిండా.

ఏమీ తోచక అమ్మ, పొక్కులు మానితే పిల్ల జుట్టు ఇస్తానని పళని మురుగన్‌కు మొక్కుకున్నది. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. మానకుంటే మందు పూయడానికని ఆస్పత్రిలో జుట్టు కత్తిరిస్తారు, మానితే కొండ మీద గుండు, ముందు నుయ్యి వెనక గొయ్యి. బడిలో అందరూ నన్ను గుర్తుపట్టేదే ఆ జడతో. మానాలని మొక్కాలో మానకూడదని మొక్కాలో తెలియక, దేవుడి పటం ముందు ఊరికే చేతులు జోడించి నిలబడేదాన్ని.

అమ్మ అందరి మాటా కొంచెం కొంచెం విన్నది. నూనె ఆపింది, సీకాయతో రుద్ది తల బాగా ఆరినాకనే జడ వేసింది, దిండు గుడ్డ ఉతికింది, గీరుకోకుండా గోళ్లు తీసింది, వేపాకూ వదల్లేదు. పొక్కులు ఎండిపోయినాయి. ఏది మాన్పిందో ఈరోజుకీ తెలియదు.

పళనిలో మంగలి ముందు నేను ఏడుస్తా కూర్చోబోతే, అమ్మ నన్ను పక్కకు జరిపి తాను కూర్చున్నది. మొక్కినది నేను, ఇచ్చేదీ నేనే అన్నది. నాయన నిక్షేపంగా ఉండగా, మొగుడు పోయినదాని మాదిరి ఆ గుండుతో ఇంటికి వస్తే, అవ్వ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అమ్మ జుట్టు మళ్లీ పాత పొడవు రానే లేదు.

ఇప్పుడు ఏ పొక్కు ఎందుకు లేస్తుందో చెప్పేవాళ్లు ఉన్నారు, తల్లి తల ఇచ్చే పని లేదు. మంచిదే. మరి ఇంత మంచి కాలంలో అమ్మ గుర్తొస్తే నాకెందుకు ఇంత దిగులు పుడుతుందో, అదే అర్థం కాదు.