కవర్ తీయని డబ్బా

కొత్త వస్తువు మీద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరను తీయకపోవడం మా హైదరాబాదులో ఒక మతం. ఫ్రిజ్ హ్యాండిల్ మీద కవర్, రిమోట్ మీద కవర్, కారు సీట్ల మీద కవర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి, వాషింగ్ మెషిన్ బటన్ల మీద ఆ పొర బుడగలు కట్టి, పసుపు పచ్చగా మారి, అంచులు లేచిపోయి ఉంటుంది. అయినా తీయరు. ఎందుకండీ అంటే "కొత్తది కదా, గీతలు పడతాయి" అంటారు. వస్తువు మనకోసమా, మనం వస్తువు కోసమా? ఇదివరకు ఈ అలవాటు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నేను ఎల్‌బీ నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. కరెంటు పనికి వాడే ప్లాస్టిక్ సామాన్లు డిజైన్ చేయడం నా పని. ప్లగ్గులు, స్విచ్ డబ్బాలు, వైర్లు పట్టుకునే క్లిప్పులు. డిజైనర్నని చెబితే మా చుట్టాల్లో సగం మంది పెళ్ళి జాకెట్లకు కొలతలిస్తారు. మిగతా సగం మంది ఇంట్లో ఫ్యాను తిరగట్లేదు చూడమంటారు. రెండూ కాదు మహాప్రభో అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి మానేశాను.

మా అత్తయ్యది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే అద్దె ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. చైతన్యపురి హాస్టళ్ళ వాళ్ళూ చుట్టుపక్కల ఉద్యోగాల వాళ్ళూ పొద్దున్నే మా గేటు దగ్గర గిన్నెలతో నిలబడతారు. గ్రైండర్ ఏమో వెనక గచ్చు మీద, కుళాయి పక్కన ఉంటుంది. కరెంటు ప్లగ్గు వంటింట్లో ఉంటుంది. మధ్యలో ఎక్స్‌టెన్షన్ వైరు. బయటే ఒక ప్లగ్గు పెట్టించుకుంటాం అంటే ఇంటాయన "నా గోడ కొట్టనియ్య" అని ఒకటే మాట. దాంతో ఎక్స్‌టెన్షన్ వైరూ గ్రైండర్ వైరూ కలిసే జాయింటు తడి గచ్చు మీదే పడి ఉండేది. దానికి మా వాళ్ళు చేసిన రక్షణ ఏమిటయ్యా అంటే, పాల ప్యాకెట్ కవర్ చుట్టి పైన రబ్బరు బ్యాండ్లు వేయడం. ఆ కవర్లోకి నీళ్ళు వెళ్ళడం సులభం, బయటికి రావడమే ఉండదు. పైగా పిండి దగ్గర చెప్పులు వేసుకోకూడదు, అది మా అత్తయ్య శాసనం. తినే వస్తువు దగ్గర చెప్పులేమిటని.

ఆ గచ్చు మీద వట్టి కాళ్ళతో పనిచేసేది మాత్రం అత్తయ్య కాదు. నేను అక్కా అని పిలిచే ఒకామె. వాళ్ళ కుటుంబం నల్లగొండ వైపు నుంచి వచ్చింది. పొద్దున మా ఇంట్లో పిండి రుబ్బుతుంది, మధ్యాహ్నం చైతన్యపురిలో ఒక అమ్మాయిల హాస్టల్ వంటింట్లో పనిచేస్తుంది. ఒకరోజు గచ్చు కడుగుతూ ఆ జాయింటును పక్కకి జరపబోయి కెవ్వున అరిచి వెనక్కి పడింది. అత్తయ్య లోపలికి పరిగెత్తి ప్లగ్గు పీకేసింది. నేను వచ్చేసరికి అక్క గోడకి ఆనుకుని కూర్చుని కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"జర్రుంటే సచ్చిపోతుండె చెల్లె," అంది.

అత్తయ్య కోపమంతా నా మీదికి తిరిగింది. "అమ్మాయ్, నువ్వు చేసే ఉద్యోగమేవిటసలు? ఊరందరికీ డబ్బాలు చేస్తావు గదా, మన వైరుకి ఒక్క డబ్బా చెయ్యలేవూ?"

రోషం వచ్చింది. కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

మర్నాడే ఆఫీసులో పని మొదలుపెట్టాను. పెన్సిల్ పెట్టెలాంటి డబ్బా, కింద ఒక ప్లాస్టిక్ భాగం, పైన మూత. జాయింటు మొత్తం లోపల పడుకుంటుంది. అంచు చుట్టూ రబ్బరు వాషర్, వైర్లు బయటికి వచ్చే చోట రబ్బరు మూతులు. రెండు పక్కలా క్లిప్పులు. కాగితం మీద ఇదంతా ఒక పూట పని. ఆ క్లిప్పుల దగ్గర నా తాతలు దిగొచ్చారు. గట్టిగా చేస్తే తడి వేళ్ళకి పడట్లేదు. మెత్తగా చేస్తే వైరు కాలికి తగలగానే మూత నోరు తెరుస్తోంది. చేతులకి సబ్బు పూసుకుని, పిండి పూసుకుని మూసి చూసేదాన్ని. వర్క్‌షాప్‌లో అందరూ "మేడమ్ ఇయ్యాల ఇడ్లీయా, దోసెనా?" అని ఆటపట్టించేవారు. చివరికి కుదిరింది. రెండు వైపులా టక్కుమంటే మూత పడ్డట్టు. వైరు పట్టుకుని డబ్బాను వేలాడదీసినా ఊడదు.

మా కంపెనీ ఓనర్ గారు, మేమంతా సార్ అంటాం, చూసి మెచ్చుకున్నారు. ఆయనదీ నల్లగొండ వైపే. "మంచిగ చేసినవమ్మా, అమ్ముడు పోతది," అన్నారు. మూత మాత్రం అద్దంలా మెరవాలన్నారు. లోపల ప్లగ్గు సరిగా కూర్చుందో లేదో కనపడుతుంది కదా అని నేనూ ఒప్పుకున్నాను. ముందుగా తయారైన ఒక డబ్బాను ఇంటికి తెచ్చి గ్రైండర్ జాయింటుకి బిగించాను. నీళ్ళు పోశాం, గచ్చు కడిగాం, లోపల చుక్క తడి లేదు.

అక్క సంబరం చూడాలి! ఆమె పనిచేసే హాస్టల్లో చెప్పింది, ఆ వరసలో మిగతా హాస్టళ్ళలో వంట చేసే తనవాళ్ళకి చెప్పింది. "మా అమ్మోళ్ళ కోడలు చేసిన డబ్బా, పెట్టుకోండ్రి, పానానికి భయముండది" అని. డబ్బాలు అమ్మకానికి రాగానే ఆమె మాట మీద ఆ వరస వంటిళ్ళన్నీ దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో కొన్నాయి. ఏ ప్రకటనా చేయలేని పని ఆమె చేసింది.

కొన్ని వారాలకి ఒక సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. సాయంత్రాలు ఎప్పుడూ రాదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీ డబ్బా కూడ కొట్టింది చెల్లె," అంది.

నాకు అర్థం కాలేదు. హాస్టల్లో పప్పు కడిగిన నీళ్ళు కింద పోయాయట. డబ్బా జరపబోతే మోచేతి దాకా జుమ్మందట. వేళ్ళకి ఇంకా తిమ్మిరి పోలేదని చూపించింది.

"నా మాట మీద కొన్నరు అందరు. రేపు ఎవరికన్న ఏమన్నయితే వాళ్ళ పిల్లలు నన్నడుగుతరు, నిన్నడగరు. నేనేం చెప్పాలె?"

మర్నాడు ఆమెతోనే హాస్టల్‌కి వెళ్ళాను. డబ్బా చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. మూత మీద గీతలు పడకుండా అంటించిన పల్చటి పొర అలాగే ఉంది! లోపలా ఉంది, బయటా ఉంది. అంచు మీదుగా మడత పడి రబ్బరు వాషర్ మీద ముడతలు ముడతలుగా కూర్చుంది. క్లిప్పులు మాత్రం టక్కుమని పడ్డాయి. ఆ ముడతల్లోంచి నీళ్ళు దర్జాగా లోపలికి నడిచి వెళ్ళాయి. నేను తయారు చేసిన మూతకి ఆ పొర లేదు. షాపులకి పంపేటప్పుడు సార్ వేయించారు, నాకు మాట మాత్రం చెప్పకుండా.

పొర పీకబోతే హాస్టల్ వార్డెనమ్మ అడ్డం పడింది. "అయ్యో తియ్యకండి! కొత్తది. దసరాకి ఆయుధ పూజ అయినాక తీస్తం లెండి." నిజంగానే ఆ పొర మీద కుంకుమ బొట్టు ఉంది. కరెంటు డబ్బాకి బొట్టు పెట్టారు గానీ కవర్ తీయలేదు! నాలుగు తిట్లు నాలిక చివరిదాకా వచ్చాయి, మింగేశాను. మనిషి చెయ్యి తిమ్మిరెక్కింది చూడండి అంటే, "తడి చేతుల్తోని ముట్టుకుంటే ఎట్ల మరి?" అని అక్కనే కసిరింది. వంటింట్లో పొడి చేతులతో పనిచేసే ఆడది ఎక్కడుందో ఆవిడే చెప్పాలి. ఆవిడ మాటలు వినకుండా పొర పరపరా పీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించాను. ఆ వరసలో మిగతా వంటిళ్ళు తిరిగాం. కొందరు తీయనిచ్చారు. కొందరు "మేం తర్వాత తీసుకుంటాం" అని గుమ్మం దగ్గరే ఆపేశారు. తీయరని నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. "ఆ పొర ఆపేయండి సార్. గీతలు పడతాయని కదా మీ భయం, మూత పోసే అచ్చు, ఆ మౌల్డ్ పంపించి మూతను గరుకుగా చేయిద్దాం, అప్పుడు గీత పడినా కనపడదు, పొరే అక్కర్లేదు. షాపుల్లో ఉన్నవి వెనక్కి తెప్పించండి," అన్నాను.

"కవర్ లేకుంటే షాపోడు పాత మాల్ అంటడమ్మా," అన్నారు సార్. "అయినా తీసెయ్యాలె గని ఉంచుకుంటే మన తప్పా? అది వాళ్ళ మిస్టేక్."

"ఈ ఊళ్ళో ఎవరు తీస్తారు సార్? మీ కారు సీట్ల కవర్లు తీశారా?"

"గది వేరే ముచ్చట."

ఎలా వేరేనో చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మన డబ్బాలోకి నీళ్ళొస్తే తప్పు కొన్నవాళ్ళదట! చెప్పగా చెప్పగా ఒక పరిష్కారం చేశారు. ఏమిటో తెలుసా? వాడే ముందు పొర తీసేయండి అని స్టిక్కర్. చీమ తలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. వంటింట్లో అక్కలాంటి వాళ్ళు భూతద్దం పెట్టుకుని చదువుకుంటారని కాబోలు. అంతకంటే ఘోరం, ఆ స్టిక్కర్‌ని తీసుకెళ్ళి ఆ పొర మీదే అంటించారు. ఇంకేముంది, స్టిక్కర్ పోతుందని కూడా జనం పొర తీయరు.

తర్వాత ఎప్పుడు అడిగినా "ఉన్న స్టాక్ అయిపోనీ, చూద్దాం" అన్నారు. దున్నపోతు మీద వాన పడ్డట్టే. ఇంట్లో అక్క అడగడం మానేసింది. పిండి రుబ్బి, గిన్నెలు సర్ది, నా మొహం చూడకుండా వెళ్ళిపోయేది. అడిగినప్పటికంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె ఆ హాస్టల్ వంటింట్లో వట్టి కాళ్ళతో నిలబడి ఉంటుందనీ, ఆ వరసలో తీయని పొరలు ఇంకా ఉన్నాయనీ తలుచుకుంటే నాకు అన్నం లోపలికి పోయేది కాదు.

ఒకరోజు సార్ వర్క్‌షాప్‌లోకి వచ్చే వేళకి అంతా సిద్ధం చేశాను. స్టోర్‌లోంచి షాపుకి వెళ్ళబోతున్న డబ్బా ఒకటి తీసి, పొర తీయకుండా, ఒక టేబుల్ ఫ్యాను వైరు జాయింటుకి బిగించి నేల మీద పెట్టాను. చుట్టూ మగ్గుతో నీళ్ళు పోశాను, వంటిల్లు కడిగినట్టు. మూత అద్దంలా ఉంది కదా, ప్లగ్గు పిన్నుల దాకా నీళ్ళు చేరడం అందరికీ కనపడింది. ఎక్స్‌టెన్షన్ ప్లగ్గు గోడకి పెట్టాను. స్విచ్ మాత్రం వేయలేదు, దాని మీద వేలు పెట్టి నిలబడ్డాను.

"ఏందిది?" అన్నారు సార్.

"మీ బూట్లు విప్పి ఈ నీళ్ళలో నిలబడండి సార్. ఆ డబ్బా చేత్తో తీసి పక్కన పెట్టండి. అంతే పని. నేను స్విచ్ వేస్తాను."

"పిచ్చి లేసిందా నీకు? సస్తే?"

"అదే సార్," అన్నాను. "చస్తే?"

ఆయన నా వైపు చూశారు, ఆ నీళ్ళ వైపు చూశారు, ఒక అడుగు వెనక్కి వేశారు. స్విచ్ వేయలేదని ఆయనకి తెలుసు. అయినా వెనక్కే వేశారు. స్టోర్ చూసుకునే అతన్ని పిలిచి, "షాపులకి ఫోన్ చెయ్యి, గా డబ్బాలన్ని వాపస్ తెప్పియ్యి. మౌల్డ్ రేపే పంపు," అన్నారు.

నేను స్విచ్ మీంచి వేలు తీసేశాను. సంతోషం రావాలి కదా, రాలేదు. అక్క వట్టి కాళ్ళతో నిలబడినన్నాళ్ళూ స్టాక్ అయిపోవాలన్నారు. ఆయన్ని బూట్లు విప్పమనేసరికి క్షణం పట్టలేదు.