కొత్త గొట్టానికి మర్యాదలు

కొత్త తుపాకీ గొట్టం కనిపిస్తే చాలు, బాబాయికి కొత్త అల్లుడు ఇంటికొచ్చినంత హడావిడి. ఒక తూటా పేల్చాలి. గొట్టం లోపల గుడ్డతో తుడవాలి. లైటు వేసి వెనకనుంచి తొంగి చూడాలి. మళ్ళీ ఒక తూటా. ఆ మర్యాదలన్నీ అయ్యేసరికి పక్కవాడు పోటీలో గెలిచి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని బడికి కూడా పంపేయొచ్చు.

రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసేది ఆయనే. క్లబ్బు ప్రెసిడెంటుతో సహా అందరికీ ఆయన గొట్టం బాబాయి.

"ఎందుకు బాబాయ్ ఇదంతా?" అని ఎవరైనా అడిగారో, అయిపోయారే!

"లోపల కంటికి కనపడని గరుకుంటుందిరా. పేలేకొద్దీ నునుపెక్కుతుంది. కొత్త చెప్పు కరవదూ? ఇదీ అంతే!"

ఆయన అన్న కూతురు ఆ క్లబ్బులోనే షూటరు. పోయిన పోటీలో చెయ్యి వణికి, సగంలోనే తుపాకీ కింద పెట్టి వచ్చేసింది. ఈ ఆదివారం జట్టు ఎంపిక పోటీ. ఈసారీ వణికితే జట్టులో చోటు పోయినట్టే. సరిగ్గా అప్పుడే బాబాయి ఆమె రైఫిల్‌కి కొత్త గొట్టం బిగించాడు.

ఆమె టార్గెట్ కాగితం తగిలించబోతే లాగేసుకున్నాడు.

"కాగితమెందుకే? ఆ మట్టిగుట్టకి కొట్టు."

"గురి చూసుకోవద్దా?"

"గొట్టానికి మర్యాద జరగాలి. గురి తర్వాత. నువ్వు ఊరికే నొక్కు."

నొక్కింది. తుడిచాడు. చూశాడు. "ఆహా, ఇంకా సిగ్గుపడుతోంది. ఇంకోటి!"

"ఆదివారమే పోటీ బాబాయ్!"

"దానికి ఆదివారం, సోమవారం తెలీదమ్మా."

మొదట్లో ఆమె పళ్ళు నూరింది. తర్వాత ఆవలించింది. మార్కులు లేవు, చూసేవాళ్ళు లేరు. శుక్రవారానికల్లా కూనిరాగం తీస్తూ పేల్చేస్తోంది.

శనివారం పిన్ని అన్నం క్యారియర్‌తో వచ్చింది.

"ఇంకా ఆ గొట్టానికి సేవలేనా? అది తయారుచేసిన చోటే నునుపు చేసి పంపుతారటే! మీ బాబాయి తన రైఫిల్‌కి అలాంటిదే బిగించుకుని మర్నాడే పోటీకి పోలేదూ? ఎవరి చెయ్యి వణికితే వాళ్ళ గొట్టానికే ఈయన సేవలు!"

ఆమె తన చెయ్యి చూసుకుంది. నిలకడగా ఉంది. "బాబాయ్! అయితే ఇన్నాళ్ళూ నునుపు చేసింది దేన్ని?"

"మీ పిన్నికి తుపాకుల గురించి ఏం తెలుసే? ముందు అన్నం పెట్టమను!"

ఆదివారం ఆమె పేలుస్తుంటే బాబాయి స్టోరు రూము వెనక చేరి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పిన్ని పరుగున వచ్చి భుజం పట్టి కుదిపింది.

"అయిపోయిందండీ, కళ్ళు తెరవండి. మీ గొట్టం భేషుగ్గా పేలింది!"

"గొట్టం గోల ఎవడిక్కావాలే! పిల్ల ఎలా ఉందో చెప్పు!"

"జట్టులోకి తీసుకున్నారు!"

పిన్ని వెనకే వచ్చిన అన్న కూతురు పకపకా నవ్వింది.

"నేను బాగానే ఉన్నా బాబాయ్. నీ చేతులే వణుకుతున్నాయి."

బాబాయి రెండు చేతులూ గబుక్కున జేబుల్లో దాచేసుకున్నాడు.