సార్ ఎంచిన ఆఖరి షీటు

ముందుగా పాఠక మహాశయులకు సాష్టాంగ క్షమాపణలు. ఈ రచనలో ఉపమానాలు తక్కువ, కన్నీళ్లు ఇంకా తక్కువ, వ్యాకరణం మీ అదృష్టం. సంస్మరణ సంచికలో కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయని, మా గుంపులో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణేనని, రెండు ఖాళీలనూ కలిపి ఈ బాధ్యత నాకు అప్పగించారు. ఇందులో రాబోయే ఏ సంఘటనలోనూ నా ప్రమేయం లేదని, నేను పక్కన నిలబడి చూసిన అమాయకుణ్ణి మాత్రమేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా సార్ పోయారు.

ఆ శనివారం పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను గుండ్లపోచంపల్లి సర్వీసు రోడ్డులో బండికి పంచర్ వేయించుకుంటున్నాను. చేసింది కీబోర్డు అంకుల్. "మన సార్ వెళ్లిపోయారయ్యా" అని మాత్రం అనగలిగారు. పంచరేసే అతను నా ముఖం చూసి "ఏమైందన్నా, మస్తు పరేషాన్ల వడ్డవ్?" అన్నాడు. "ఇగ ఎవ్వరు జెప్తరు?" అన్నాను. అతనికేం అర్థం కాలేదు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తూ కూర్చున్నాడు.

మీకు మాత్రం అర్థం కావాలి కాబట్టి చెబుతాను. సార్ యూనిఫాం వేసుకునే సర్కారు బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరయ్యారు. మేడ్చల్‌లో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు పైన ఆయన గది. గదిలో ఇనుప బీరువాలు, వాటి నిండా నొటేషన్ షీట్లు. ఐదు గీతల మీద చీమల బారులా స్వరాలు అచ్చేసిన కాగితాలు. బడి బ్యాండుల వాళ్లు, చర్చిలో వాయించేవాళ్లు, పోటీకి వెళ్లే పిల్లలు, ఆదివారాలు మాత్రమే కళాకారులయ్యే ఉద్యోగులు, అందరూ ఆ ఇరుకు మెట్లెక్కి ఒకే ప్రశ్న అడిగేవారు: "సార్, మేమేం వాయించాలె?"

ఆ ప్రశ్నకు ఆయన వెంటనే జవాబిచ్చిన పాపాన పోలేదు. "కాయిదం జూసి కాదురా, ఊపిరి జూసి ఇయ్యాలె" అనేవారు.

కీబోర్డు అంకుల్ మొదటిసారి వచ్చిన రోజు గుర్తుంది. బౌరంపేట్‌లో గేటెడ్ కాలనీ, ఊరు కోస్తా, మాట మర్యాద. వెనక ఆరుగురు వాయిద్యగాళ్లు.

"మావాళ్లందరూ బాగా నేర్చుకున్నవాళ్లేనండీ. కాస్త బరువైనది ఇప్పించండి."

"ఇస్త సార్. ప్రోగ్రాంనాడు ఎవ్వరు రారు?"

"అందరం వస్తామండీ!"

"ఒగలకి ఆఫీసుల మీటింగు వడ్తది, ఒగలకి మరదలు పెండ్లి వడ్తది. ఎవ్వరు రారో గది ముందు జెప్పుండ్రి, గప్పుడు ఎంచుదం."

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. ఒక షీటు పంచి, వాయింపు సగానికి వచ్చాక అంకుల్ భుజం తట్టి, ఫ్లాస్కు చేతిలో పెట్టి టీకి పంపారు. తతిమ్మా వాళ్లను ఆగనివ్వలేదు. అది కూలింది. ఇంకో షీటు, ఇంకో ఫ్లాస్కు. మూడోసారి అంకుల్ చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి లోపల పాట నిక్షేపంగా నడుస్తోంది.

"నేను లేకపోయినా నడిచేసిందాండీ?" అన్నారాయన, ఫ్లాస్కు పట్టుకుని.

"నడ్శింది సార్. గందుకే గిది మీది."

ఆ మాటకు అంకుల్ చాలా రోజులు అలిగి, తర్వాత సార్‌కు పరమ భక్తుడయ్యారు. గుంపు పాటకు సార్ పరీక్ష అది. ఎవరో ఒకరు లేకున్నా నిలబడేదే వాళ్ల పాట.

ఒంటరిగా వాయించేవాళ్లకు వేరే పరీక్ష. "అచ్చిన పాట ఎవ్వడైన వాయిస్తడు. భయమైనప్పుడు గూడ ఇడిశిపోని పాట గావాలె" అనేవారు. కాబట్టి భయపెట్టాలి. అందుకో ఉద్యోగి కావాలి. డ్రమ్ము నేర్చుకుందామని వెళ్లిన నాలో సార్ ఆ ప్రతిభను గుర్తించారు. నా పేరు కూడా మార్చేశారు: గడబిడ. ఎవరైనా తన్మయంగా వాయిస్తుంటే వెనక స్టీలు పళ్లెం పడేయడం, ప్రిన్సిపాల్‌లా గొంతు సవరించుకోవడం, వాయించేవాళ్ల ముఖంలోకి పరీక్షాధికారిలా చూసి పెదవి విరవడం నా విధులు. వీటికి యూనివర్సిటీలు డిగ్రీ ఇవ్వవు. ఇస్తే గోల్డ్ మెడల్ నాదే.

అయితే సార్‌కు ఒక మొండితనం ఉండేది. ఒంటరిగా వాయించేవాళ్లకు వేగమైన పాట ఎన్నడూ ఇవ్వలేదు. "ఉరికే పాటల మనిషి దాక్కుంటడు. నిలవడమను, మనిషెవ్వరో తెలుస్తది." వేళ్లు చురుకైన పిల్లలు ఎంతమందో అలిగి వెళ్లిపోయారు. సార్ పిలవలేదు, బతిమాలలేదు.

ఇక అనూషక్క సంగతి. వాళ్ల నాయిన పెళ్లి బ్యాండులో క్లారినెట్. ఆ క్లారినెట్టే అక్కకు వచ్చింది. పగలు గోదాములో ప్యాకింగ్ పని, సాయంత్రం సార్ గది. షామీర్‌పేట దగ్గర ఒక పెద్ద బడిలో సంగీతం టీచరు కావాలన్నారు. వచ్చి ఒక పాట వాయించాలి, ఏ పాటో మీ ఇష్టం అన్నారు. అంతకుముందు ఏడాది ఇంకో బడిలో ఇలాగే వాయించబోయి, రెండో వరుసలోనే అక్క ఆగిపోయి, దండం పెట్టి బయటికొచ్చేసింది. ఈసారి అది కూడా కుదరదు. వచ్చే నెల నుంచి గోదాము వాళ్లు ఆమెను సిటీకి అవతలి కొసకు మారుస్తున్నారు. పొద్దున చీకటితో బస్సెక్కి రాత్రి దిగే పని. "గీ నౌకరి రాకుంటె క్లారినెట్ డబ్బల వెట్టి అటకెక్కియ్యాలె తమ్మీ" అంది. ఏడవకుండా అంది. అందుకే నాకు భయమేసింది.

సార్ బీరువాలన్నీ తెరిచారు. తీసి, చూసి, లోపల పెట్టి, చివరికి రెండు మిగిల్చారు. షీట్ల మీద అచ్చేసిన పేర్లు ఆయన చెప్పేవారు కాదు, వింటేనే పిల్లలు జడుసుకుంటారని తనే పేర్లు పెట్టేవారు. ఒకటి 'చెరువు'. ఒకే పేజీ, పొడవాటి స్వరాలు, ఊపిరి నిండా తీసి మెల్లగా వదలాలి. రెండోది 'డీసీఎం'. హైవే మీద లోడు దించి ఖాళీగా పోయే డీసీఎం బండి లాగా ఆగదు, తగ్గదు, పక్కకు చూడదు.

"సార్, డీసీఎం మీరు ఎవ్వరికియ్యలె గద?" అన్నాను.

"ఇచ్చిన్నా ఇప్పుడు? జూస్తున్న. నువ్వు పళ్లెం దీస్కో."

నేను నా వృత్తి ధర్మం నెరవేర్చాను. చెరువులో రెండో వరుస దగ్గర పళ్లెం పడేస్తే అక్క ఆగలేదు, కానీ ఆ పొడవాటి స్వరం సన్నగా వణికింది. మర్నాడూ అక్కడే వణికింది. డీసీఎంలో పడేస్తే స్వరం వణకలేదు. ఆమె కళ్లు ఎర్రజేసి, ఇంకా జోరుగా చివరిదాకా లాగించి, క్లారినెట్ దించి, "నీ చెయ్యి ఇరగ! నువ్వు మనిషివేనా తమ్మీ?" అంది.

సార్ కళ్లు మూసుకుని విన్నారు. "రేపు జెప్త" అన్నారు. రోజూ అదే మాట. అడిగితే "జెర ఆగరాదురా" అని విసుక్కునేవారు. బడిలో వాయించాల్సిన సోమవారం దగ్గర పడుతోంది. ఈలోగా సార్‌కు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఊపిరి గురించి అంత చెప్పిన మనిషికి ఊపిరే అందలేదు. గురువారం ఆసుపత్రిలో చేర్చారు.

శుక్రవారం సాయంత్రం, సార్ చూడాలన్నారని, రెండు షీట్లూ పట్టుకుని నేను వెళ్లాను. ఆ సాయంత్రమే అనూషక్క చేతికి డీసీఎం చేరింది. శనివారం పొద్దున సార్ పోయారు. ఈ మూడు వాక్యాల మధ్య ఏం జరిగిందని నన్నెవరూ అడగలేదు. సార్ ఎంచారు, గడబిడ అందించాడు, అంతే.

సోమవారం అక్కను బండి మీద షామీర్‌పేట తీసుకెళ్లాను. దారంతా ఒకటే మాట. "ఇన్నేండ్లల్ల ఎవ్వరికి ఇయ్యలే తమ్మీ. నాకిచ్చిండు. నేను దాక్కోనని నమ్మిండు గావచ్చు." నేను గేరు మార్చాను. బండి నడిపేవాడు రోడ్డు మీద దృష్టి పెట్టాలని లైసెన్సు ఇచ్చేటప్పుడే చెప్తారు.

కిటికీ బయట నిలబడి విన్నాను. మొదటి వరుస బాగుంది. రెండో వరుస మొదలైంది. సరిగ్గా అప్పుడు నా తల మీదే బడి గంట మోగింది. ఒట్టు, అది నా పని కాదు. జీవితంలో మొదటిసారి చప్పుడు చేయకుండా గోడకు అతుక్కుపోయాను. గంట మోగినంతసేపూ లోపలి క్లారినెట్ వినపడలేదు. ఆగిపోయిందనుకున్నాను. గంట తగ్గాక చూద్దును కదా, పాట నాలుగో వరుసలో పోతోంది.

అక్కకు ఉద్యోగం వచ్చింది.

సంతాప సభలో ఈ కథే అందరి నోటా. కీబోర్డు అంకుల్ మైకు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. "చివరి రోజుల్లో సార్ తన సిద్ధాంతాన్ని తనే తిరగరాశారండీ. భయపడేవాళ్లకు వేగాన్ని ఇవ్వండి! ఇదే ఆయన మనకిచ్చిన ఆఖరి సూత్రం." చప్పట్లు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని గుర్తొచ్చి ఆపేశారు.

సభ అయ్యాక సార్ భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆవిడ, నన్ను మెట్ల దగ్గర ఆపింది. "బిడ్డా, ఉరికే పాటంటె మొఖం తిప్పుకునేటోడు గద. నిజంగ గదే ఇయ్యమన్నడా?"

"మంచినీళ్లు తెస్తనమ్మా" అని కిందికి దిగి, అలాగే ఇంటికి వెళ్లిపోయాను.

అక్కడితో వదిలేస్తే నేనూ వదిలేసేవాణ్ణి. పోయిన వారం అక్క బడికి వెళ్లాను. తరగతి గదిలో ఆరో తరగతి పాప ఒకతి, క్లారినెట్ ఆమె చేతికంటే పొడవు, పేజీ నిండా చీమల్లాంటి స్వరాలతో కుస్తీ పడుతోంది. తప్పుతోంది, మళ్లీ మొదలుపెడుతోంది, మళ్లీ తప్పుతోంది. ముక్కు ఎగబీలుస్తోంది. అక్క ఎంతో ప్రేమగా చెబుతోంది: "భయమైతే ఆగొద్దు బంగారం, ఉరుకాలె. మా సార్ ఆఖరికి జెప్పింది గదే." ఆ పాప మధ్యలో అలిసిపోయి ఒక్క స్వరం మీద ఆగింది. ఆ ఒక్కటీ ఎంత నిండుగా, ఎంత నిలకడగా పలికిందో! అక్క వినలేదు. సార్ మాట వింటోంది కదా. "ఊఁ, జల్దీ" అంది.

ఇక్కడ అంకుల్ ఆ ఆఖరి సూత్రాన్ని సంచిక వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేయిస్తున్నారు.

కాబట్టి అంకుల్, అట్ట ఆపండి. అమ్మా, మీ అనుమానమే నిజం. ఆ శుక్రవారం సార్ రెండు షీట్లూ గుండెల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. "పళ్లెం ఏశినప్పుడు ఏం జేశింది?" అని అడిగారు. "చెరువుల వణికింది సార్. డీసీఎంల నన్ను తిట్టింది" అన్నాను. మాస్కు లోపల నవ్వారు, ప్లాస్టిక్ మీద ఆవిరి పట్టింది. తర్వాత రెండూ నా చేతికే ఇచ్చారు. "మల్లొక్కసారి జూడాలె. రేపు రా" అన్నారు. అంతే. ఆయన ఏదీ ఎంచలేదు. రేపు ఉంటే చెరువే అనేవారేమో. నాకైతే అలాగే అనిపిస్తుంది.

అక్కా, ఆ పాపకు ఒక్కసారి చెరువు ఇచ్చి చూడు. సార్ ఏ సూత్రమూ మార్చలేదు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే, ఎదుట ఉన్న మనిషిని వినడం.

మిగతాదంతా అందరూ కలిసి చేసిందే. నేనొక్కణ్ణే చేసింది ఒకటుంది. ఆసుపత్రి నుంచి నేరుగా గోదాము గేటుకు వెళ్లాను. షిఫ్టు వదిలారు. అక్క గుంపులోంచి ఉరికొచ్చి, "ఏం జెప్పిండు తమ్మీ? ఏది?" అంది. 'రేపు' అని చెప్పడానికే వెళ్లాను. ఆ ముఖం చూశాను. రెండు కాగితాల్లో ఒకటి తీసి, "గిదే అన్నడక్కా" అని ఇచ్చాను. ఆమె మళ్లీ అడగలేదు. షీటు గేటు ఊచలకు ఆనించి చదవడం మొదలుపెట్టింది, వేళ్లు అప్పుడే టిఫిన్ డబ్బా మూత మీద పరుగెత్తుతున్నాయి. వెనక కంపెనీ బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. ఆమె తల తిప్పలేదు.