నాలుగు బారల దవడ

మా అమ్మ అబద్ధం చెప్పదు. ఈ సంగతి పన్నెండేళ్లు వచ్చేదాకా నేను ఒప్పుకోలేదు, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె. తన చిన్నప్పుడు ఒడ్డుకు ఒక పెద్ద చేప కొట్టుకొచ్చిందని, కొన్నాళ్లకి దాని దవడ ఎముకను వాళ్ల నాన్న వలతాడు కొలిచినట్టు చేతులు చాచి కొలిస్తే నాలుగు బారలు వచ్చిందని చెప్పేది. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో ఈ మాట అంటే గోల్‌మురి క్వార్టర్ల ఆడవాళ్లు కొళాయి దగ్గర బిందెలు వదిలేసి నవ్వారట. నాన్న సంగతి సరేసరి. డ్యూటీ నుంచి వచ్చి సైకిలు దిగుతూనే, "ఏటే, నీ సేప ఈయేళ ఎంత పెరిగింది?" అనేవాడు.

అది పెరగలేదు సరికదా, తగ్గుతూ వచ్చింది. నేను పుట్టేనాటికి మూడు బారలు, బడికి వెళ్లేనాటికి రెండు. చివరికి "నిజంగా సూసేనో, కలే గన్నానో" అని అమ్మే అనుమానపడి, చెప్పడం మానేసింది. ఎవరో గుర్తుచేస్తే ముఖం తిప్పుకునేది. "ఝూట్ హై, అమ్మా" అని, అంతా అబద్ధమని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

డెబ్బైల చివర్లో నాన్నకి సెలవు దొరికితే, పక్క క్వార్టరు వాళ్లతో కలిసి కలకత్తా వెళ్లాం. అక్కడి పెద్ద మ్యూజియాన్ని అందరూ జాదూఘర్ అంటారు. గాజుపెట్టెల్లో పక్షులు, ఏనుగుల ఎముకల గూళ్లు. అన్నీ తనే చేయించినట్టు నాన్న ముందు నడుస్తూ మాకు చూపిస్తున్నాడు. ఒక హాల్లోకి అడుగుపెట్టగానే అమ్మ ఆగిపోయింది. గోడ పొడవునా, ఇనప కమ్మీ వెనక, ఒకే ఒక్క దవడ ఎముక పడుకోబెట్టి ఉంది. పక్కన బోర్డు మీద తిమింగలం అని హిందీలో రాసి ఉంటే నేనే చదివి చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

అమ్మ చెప్పులు విడిచింది. కమ్మీ ఈ చివర నిలబడి రెండు చేతులూ చాచింది.

"ఏటీ పని? అందరూ సూత్తన్నారు," అన్నాడు నాన్న.

"సూడనీ. ఇలా రాయే, ఇక్కడ ఏలెట్టు," అంది నాతో.

కమ్మీ మీద అమ్మ కుడిచెయ్యి ఆగినచోట నేను వేలు పెట్టాను. అక్కణ్ణుంచి మళ్లీ చాచింది. ఒకటి. రెండు. కాపలావాడు కర్ర ఊపుకుంటూ వచ్చి "ఛూనా మనా హై" అన్నాడు. ఎముకని ముట్టుకోలేదు, కమ్మీనే కొలుస్తున్నామని నేను హిందీలో గట్టిగా చెప్పాను. వాడు కూడా నిలబడి చూశాడు. మూడు. నాలుగు. ఇంకా మూరెడు మిగిలింది!

"మా అయ్యవి పెద్ద సేతులు. నావి పొట్టివి. అందుకే ఆ మూరెడు," అంది అమ్మ, లెక్క ఎక్కడా తప్పకూడదని.

పక్క క్వార్టరు అత్త దగ్గరికి వచ్చింది. "వదినా, మరి రెండు బారలని సెప్పేదానివి కదా?" అంది.

"మీరు నవ్వుతన్నారని తగ్గించేను. నాదే తప్పు."

నాన్న ఎముక ఆ చివరిదాకా నడిచి, ఇటు తిరిగొచ్చాడు. ఎవరికి చెప్పాలో తెలియక కాపలావాణ్ణే పట్టుకుని, "హమారీ ఘర్‌వాలీ దేఖీ హై. సముందర్ కే కినారే," అని, మా ఆవిడ సముద్రపొడ్డున చూసిందని చెప్పాడు. నలుగురు బెంగాలీలు మూగారు. నాన్న గొంతు పెంచి ఇంకా చెప్పబోతుంటే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"నువ్వాగు. సూసింది నాను."

తనకొచ్చిన కాస్త హిందీతో, రానిచోట తెలుగుతో, చేతులు బార్లా చాచి చెప్పింది. చుట్టూ జనం పెరుగుతున్నారు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. నాలుగు బారలకి అమ్మ చార్ బార్ అంది, చార్ బార్ అనే అంది, ఎవరూ నవ్వలేదు.