రాత నాదే, రాసింది నేను కాదు

మా పక్కింటి మామ పోయారు. మొన్న పొద్దున అత్త ఫోన్ చేసి "మీ మామ లేస్తా లేడు మ్మే" అంటే పరిగెత్తాను. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. వంకర తిరిగిన వేళ్లతో ఆ కుడిచెయ్యి మంచం మీద పడి ఉంది. దాన్ని చూస్తే ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్లు మండింది.

మా నగరి ఊళ్లో ఒకప్పుడు షాపుల బోర్డులన్నీ ఆ చేత్తో రాసినవే. కుంచె ఎత్తేవారు కాదు. తలకట్టు దగ్గర ఒక విసురు విసిరితే అది పోయి పక్క అక్షరాన్ని పట్టుకునేది. "నిటారుగా ఉంటే సర్కారు నోటీసు మ్మే. రవ్వంత వాలితే మన ఇంటి మాట" అనేవారు. నా ఫ్లెక్సీ షాపు కోసం ఆ రాతను ఫాంటు చేస్తానంటే అక్షరాలన్నీ కూర్చుని రాసిచ్చారు. పక్కపక్కన రెండు 'మ'లు ఒకేలా వస్తే ఒప్పుకునేవారు కాదు. "చెయ్యి అట్ల రాయదు" అని మూడు రకాల 'మ'లు పెట్టించారు. పెళ్లిపత్రికల మీద, చీరల పెట్టెల మీద, టీ బంకుల మీద మీరూ ఆ రాత చూసే ఉంటారు. వేరే షాపుల వాళ్లు అడిగితే "ఇచ్చేయ్, నలుగురికీ పనికొస్తాది" అన్నారు.

ఆ మంచితనమే కొంప ముంచింది. మరమగ్గాల వాళ్ల గొడవల్లో ఒక యజమానిని ఎవరో బూతులు తిట్టి, కాళ్లు నరుకుతామని పోస్టర్లు వేశారు. అదీ ఈ ఫాంటులోనే. ఊరందరికీ తెలిసిన చేతిరాత కదా, ఆ యజమాని కొడుకులు నేరుగా మామ ఇంటికే వచ్చారు.

"ఇది నీ రాత కాదా?"

"రాత నాదే. రాసింది నేను కాదప్పా. కంప్యూటర్లో ఎవురైనా కొట్టచ్చు."

"కంప్యూటరుకు నీ చెయ్యి యాడ నించి వచ్చిందిరా?"

పోస్టరు చూసి భయపడి నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేసరికి, ఆయన చేతిని గడప మీద అదిమిపెట్టి రోకలితో కొడుతున్నారు. ఎముకలు చర్మం చీల్చుకుని బయటికొచ్చాయి. గడప పసుపంతా నెత్తురు. ఆ తిట్టునే వాళ్ల కళ్ల ముందు టైపు చేసి చూపించాను. చూశారు, రోకలి పడేసి వెళ్లిపోయారు. తప్పయిందని ఒక్క వెధవా అనలేదు. కేసు పెడదామంటే అత్త భయపడింది.

ఆ చెయ్యి మళ్లీ కుంచె పట్టలేదు. ఆ పాడు ఫాంటు తీసేస్తానని నేనంటే మామ కసురుకున్నారు. "నాకు మిగిలిండేది అదొక్క చెయ్యే. దాన్ని కూడా ఇరగ్గొడతావా?"

శవం లేవకముందే వీధి మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. కట్టింది ఆ యజమాని కొడుకులే. 'కన్నీటి నివాళి' అని వేరే షాపులో మామ అక్షరాల్లోనే వేయించారు. కింద దండం పెడుతూ వాళ్ల ఫోటోలు, పేర్లు. అత్త కొడవలి తీసుకుని వచ్చింది.

"నా మొగుని చెయ్యి ఇరగ్గొట్టి, ఆ చేత్తోనే రాయించుకుంటార్రా?"

ఫ్లెక్సీలో ఒక్కో మొహాన్నీ అడ్డంగా చీల్చింది. ఎవరూ అడ్డం పోలేదు. పేర్ల దగ్గరికి వచ్చాక ఆమె చెయ్యి కదల్లేదు. అవి మామ అక్షరాలు. కొడవలి కింద పడేసి, వాటిని వేళ్లతో తడుముతూ బావురుమంది.

ఆ ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. మొహాలు పీలికలై గాలికి కొట్టుకుంటున్నాయి. వాటి కింద ఆయన్ను కొట్టినవాళ్ల పేర్లు, ఆయన చేతిరాతలో, ఒక్క గీత చెరగకుండా ఉన్నాయి.