మార్తవ్వ గడప దిగింది

మొన్న కేసముద్రం స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే, పక్కన ఒక ముసలామె నశ్యం డబ్బీ మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మార్తవ్వ గుర్తుకు వచ్చింది. మా క్రైస్తవ వాడలో చదువు వచ్చినది ఆమె ఒక్కతే. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి చెప్పేది. నశ్యం అలవాటు వల్ల వాక్యం మధ్యలో తుమ్ములు వచ్చేవి. పిల్లలం నవ్వితే, "నవ్వుండ్రి, దేవుడు గూడ నవ్వుతున్నడు" అనేది. ఆమె అంటే నాకు ప్రాణం.

నైజాం మీద పోరాటం నడిచే ఆ రోజుల్లో దంతాలపల్లి పక్కన మా ఊళ్లో కమ్యూనిస్టుల సంఘం మాటే చెల్లేది. దొర కోటలాంటి గడి వదిలి పట్నం పారిపోయాడు. సంఘంవాళ్లు అతని భూమి కూలివాళ్లకు పంచినప్పుడు, మా బాపుకూ ఆయన అన్న పెద్దబాపుకూ కలిపి ఒక మెట్ట చెలక వచ్చింది. ఒక పక్క బావి, రెండో పక్క రాళ్లు. మా దగ్గర అన్నదమ్ముల పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. అందుకే పెద్దవాడు ఒళ్లు దగ్గర పెట్టుకొని పంచుతాడు. పెద్దబాపు మాత్రం భాగాలూ తానే వేశాడు, బావి పక్క నాగలీ తానే దించాడు. తల్లి ముద్దంతా అన్నకే దక్కిందని బాపుకు చిన్నప్పటి నుంచీ కడుపులో మంట. అది ఆ రోజు భగ్గుమంది.

బాపు గొడ్డలి అందుకున్నాడు. అమ్మ పరుగెత్తి మార్తవ్వను పిలుచుకొచ్చింది. ఆమె వచ్చి మా గడప మీద కూర్చుంది.

"జరుగు అవ్వా" అన్నాడు బాపు.

"జరుగుత గని ఒక మాట ఇను. బైబిల్ల కయీను తమ్ముని చంపకముందు దేవుడు ఆయనతోని మాట్లాడిండు. పాపం వాకిట్ల కూసున్నది, నువ్వే దాన్ని అణచాలె అన్నడు. గంతే. చెయ్యి పట్టుకొని ఆపలే."

"ఎందుకాపలే?"

"ఆపితే గది కయీను మంచితనం ఎట్లయితది? నువ్వు మనిషివి, కట్టేసిన ఎద్దువు కాదు."

ఆ మాట అని ఆమె లేచి, గడప దిగి పక్కకు జరిగింది. "ఆపుతవని తోల్కొస్తే దారి ఇస్తవా అవ్వా" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

బాపు ఖాళీ వాకిలిని చూశాడు. తర్వాత గొడ్డలి గోడకు ఆనించి, వట్టి చేతులతో అన్న ఇంటికి నడిచాడు. నేనూ వెనకే పోయాను. "అన్నా, పంచింది నువ్వు. కోరుకునేది నేను" అన్నాడు. పెద్దబాపు తల దించుకొని "కోరుకో" అన్నాడు. మా బాపు ధర్మరాజేం కాదు, బావి పక్కే కోరుకున్నాడు. నీళ్లు మాత్రం ఇద్దరివీ అన్నాడు. యూనియన్ మిలటరీ వచ్చాక దొర తిరిగొచ్చి చెలక మొత్తం లాక్కున్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి మళ్లీ కూలికి పోయారు.

పెళ్లై గూడూరు పోయేముందు మార్తవ్వను అడిగాను, ఆ రోజు బాపు గొడ్డలితోనే పోయి ఉంటే ఏం చేసేదానివని. ఆమె ముక్కు తుడుచుకుంది. "ఏం జేస్తుంటి బిడ్డా, కూసొని ఏడుస్తుంటి. కయీను తమ్ముని మీదికి పోయిననాడు దేవుడు గూడ గదే చేసి ఉంటడు."

ఇప్పుడు నా కొడుకులిద్దరూ ఒకరి ఇంటికి ఒకరు పోరు. ఒట్టు పెట్టించుకుందామా, పురుగుల మందు తాగుతానని బెదిరిద్దామా అని నోటిదాకా వస్తుంది, తల్లిని కదా. అయినా చెప్పేది చెప్పి ఊరుకుంటాను. నిన్న చిన్నవాడు నా మాటంతా విని, చెప్పులు వేసుకొని బయల్దేరాడు. అన్న ఇంటివైపు తిరుగుతాడేమోనని చూశాను. తిరగలేదు. లోపలికి వచ్చి, కూర్చొని ఏడ్చాను.