ఉతికాక కనబడే చిల్లులు

మొన్న మా ఇన్వర్టర్‌లో నీళ్లు పోయడానికి వచ్చినతను బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే తిప్పి తీస్తుంటే, ముక్కుకంటే ముందు గొంతుకు తగిలే ఆ పుల్లటి, పచ్చి వాసన హాలంతా పరుచుకుంది. కిటికీలు తెరవమన్నాడు. తెరిచాను కానీ అక్కణ్నుంచి కదల్లేదు. చిన్ననాటి వాసన అనగానే చాలామందికి తొలకరి మట్టి, మల్లెపూలు గుర్తొస్తాయి. నాకు యాసిడ్. కవిత్వానికి పెద్దగా పనికిరాదు.

మా బాపు సిటీ బస్సుల డిపోలో బ్యాటరీ సెక్షన్ మనిషి. బ్యాటరీలు దించి చార్జింగ్ పెట్టడం, గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి దాని బలం చూడటం, కొత్తవాటిని యాసిడ్‌తో నింపి బస్సెక్కించడం ఆయన పని. ఎగిరిపడే తుంపర్లు కంటికి కనబడవు. ఇంటికొచ్చేసరికి ఖాకీ చొక్కా నిక్షేపంగానే ఉండేది. ఉతికాకే చిల్లులు బయటపడేవి. యాసిడ్ తిన్న దారాలు నీళ్లలో పడేదాకా, ఏమీ జరగనట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. గౌలిపురలో మా దండెం మీది చొక్కాలు చూసి పక్కింటి పాల మల్లమ్మ, "ఏందమ్మో, మీ ఇంట్ల ఎలుకలకు ఖాకీ అంటెనే పానమా?" అని అమ్మను ఆటపట్టించేది.

అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు. బాపు స్నానం చేసేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. నేను చెప్పుల చప్పుడు విని ఉరికితే, "ఏయ్, అటు జరుగు! తానం జేశినంక పో," అని అమ్మ గదిమేది. బాపు గోడ పక్కనుంచి పెరట్లోకి పోయి, డబ్బాలోని సోడాపొడిని నీళ్లలో కలిపి చేతుల మీద, చొక్కా చేతుల మీద పోసుకునేవాడు. యాసిడ్ ఉన్నచోటల్లా స్స్ మని నురగ. నేను గడప మీద కూర్చుని వినేదాన్ని. బాపు మాటలు తక్కువ మనిషి. ఆ రోజు డిపోలో ఎంత పని పడిందో ఆయనకంటే ఆ నురగే వివరంగా చెప్పేది. స్నానమై, అన్నం తిని, తలగడ అందుకునేసరికి ఆయన గురక మొదలయ్యేది. అమ్మేమో లాడ్ బజార్ దుకాణాల కోసం గాజులకు రాళ్లు అతికించేది. ఆమె వేళ్లకు ఎప్పుడూ జిగురే. ఇంట్లో ఖాళీగా ఉన్న చేతులు నావి రెండే.

వాటితో ఏదో ఒకటి చెయ్యాలి కదా. చింతపండుతో ఇత్తడి చెంబు తోమి అది మెరవడం చూసేదాన్ని. పసుపు మరక మీద సబ్బు రాసి ఎర్రగా మార్చి, దాని మీదే నిమ్మకాయ పిండి మళ్లీ పసుపు చేసేదాన్ని. ఆడుకోవడానికి ఎవరూ లేనప్పుడు మనిషి కెమిస్ట్రీ లెక్చరర్ కాక ఏమవుతుంది?

నాకు ఎనిమిదేళ్లప్పుడు, బోనాల నాడు, అమ్మ తల మీద బోనం ఎత్తుకుని ముందు నడుస్తోంది. వేపాకు వాసన, సాంబ్రాణి పొగ, చెవులు పగిలే డప్పులు, పైనుంచి సన్నటి తుంపర. కొత్త తెల్లగౌనులో నేను పెద్దవాళ్ల మోచేతుల కింద నలిగిపోతూ పోతరాజు కొరడా చప్పుడు వినడమే తప్ప పోతరాజును చూడలేదు. అంతలో వెనకనుంచి రెండు చేతులు నన్ను గాల్లోకి లేపాయి. డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చిన బాపు. సోడా లేదు, స్నానం లేదు. ఆయన భుజాల మీదనుంచి పోతరాజును చూశానో లేదో ఇప్పుడు చెప్పలేను. తడిసిన ఆయన జుట్టును మాత్రం రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

మూడోనాడు అమ్మ గౌను ఉతికి వెలుతురుకు పట్టింది. ఆవగింజలంత చిల్లులు, ఆయన నన్ను పట్టుకున్నచోటల్లా. బాపు ఒక చిల్లులో చిటికెనవేలు పెట్టి చూశాడు.

"గౌను పోతె పోనీ బాపు," అన్నాను.

"గౌను ముచ్చట కాదు బిడ్డా. గిదే నీ తోలు మీద పడితే?"

ఆ తర్వాత స్నానం చేశాక కూడా ఆయన దగ్గరికి రానివ్వలేదు. పరీక్ష పాసైతే తలూపేవాడు. జ్వరమొస్తే మంచానికి అవతలినుంచే ఎట్లుందని అడిగేవాడు.

ఆయన రిటైరైన రోజు డిపోకు వెళ్లాను. బాపు కొత్త తెల్లచొక్కాలో ఉన్నాడు. పొద్దుటినుంచీ ఎవరూ ఆయన్ని బ్యాటరీ ముట్టనివ్వలేదు. సెక్షన్ వాళ్లంతా చిల్లుల ఖాకీలతో వరసగా వచ్చి గట్టిగా వాటేసుకున్నారు. "అరే భాయ్, ఇగ నీ అంగీలు బతికిపోయినయ్ పో!" అన్నాడొకతను. బాపు పగలబడి నవ్వాడు. ఆయనకు అంత నవ్వు వచ్చని నాకు తెలియదు. నా వంతు వచ్చింది. ముందుకు అడుగేశాను. ఆయన అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, నా చీర వైపు చూసి, "పట్టుది బిడ్డా, పైలం," అన్నాడు. నేను దండం పెట్టాను.

ఇప్పుడు బస్సులకు సీలు వేసిన బ్యాటరీలు వస్తున్నాయి. మూత తీసి యాసిడ్ పోసే పనీ లేదు, ఆ సెక్షనూ లేదు. బాపు పోయి మూడేళ్లు. బట్టల మీద యాసిడ్ పడితే ఏం చెయ్యాలని ఏటా పరీక్షలో అడుగుతాను. నీళ్లతో బాగా కడగాలి, సోడా వెయ్యాలి అని పిల్లలు రాస్తారు, నేను ఫుల్ మార్కులు వేస్తాను. సరైన జవాబే. నేను మాత్రం ఆయన రిటైరైన రోజు డిపోకు పాత చీర కట్టుకుని పోవాల్సింది.